గినీకోళ్ల గిన్నె

నాలుగో గోనెసంచి కూడా నిండాక, మూతి కట్టడానికి తాడు లేక పోలీసు అటూ ఇటూ చూశాడు. గెసారె లేచి, తన బల్ల కింద చుట్టి పెట్టుకున్న నారతాడు తీసి అతని చేతికిచ్చింది.

"వాళ్లకి తాడు కూడా నువ్వే ఇస్తావేంటక్కా!" పక్క బల్ల దగ్గర్నుంచి బోసిబోరి అరిచింది. "బండెక్కించడానికి భుజం కూడా పడతావా ఏంటి?"

సంచిలో గిన్నెలు ఒకదానికొకటి తగిలి కటకటమన్నాయి. బలపపు రాయి మెత్తన. అంచుకి అంచు తగిలితే పెచ్చు లేస్తుంది. పెచ్చు లేచిన గిన్నెని ఎవరూ కొనరు. ఆ సంగతి పోలీసుకి చెప్పాలని గెసారెకి అనిపించింది.

అది శనివారం. కిసీ పట్నం నుంచి పర్యాటకుల వ్యాన్లు వచ్చి టబాకా ఊరి సంత దగ్గర ఆగే వేళ. రోడ్డు వారన బల్లల మీద రాతి ఏనుగులు, నీటిగుర్రాలు, చదరంగం పావులు, గిన్నెలు పరిచి కూర్చున్న ఆడవాళ్లంతా లేచి గుమిగూడారు. మధ్యలో రాతిబొమ్మల వ్యాపారి ఒంబతి గుమాస్తా నిలబడి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాన్ని బయటికి తీయకుండానే చదివాడు. "గిన్నె అంచు చుట్టూ గినీకోళ్లు వరసగా నడుస్తూ, అందులో ఒకటి మాత్రం వెనక్కి చూస్తున్న ఈ ఆకృతి రాజధానిలోని మేధో హక్కుల కార్యాలయంలో ఒంబతి గారి పేరిట నమోదై ఉంది. ఆయన అనుమతి లేకుండా దీన్ని చెక్కకూడదు, అమ్మకూడదు, అమ్మకానికి పెట్టకూడదు."

"కోళ్లకి కూడా పట్టాలిస్తున్నారా ఇప్పుడు?" అంది బోసిబోరి. "మా ఇంట్లో నిజం కోళ్లు ఆరున్నాయి. అందులో ఒకటి రోజంతా వెనక్కే చూస్తుంటుంది. దాన్నీ సంచిలో వేసుకుపోరాదూ!"

గుంపు నవ్వింది. పోలీసు కూడా మీసం కింద నవ్వుకున్నాడు. నవ్వుతూనే నాలుగు సంచులూ బండెక్కించాడు. బండి వెళ్లిపోయింది.

గెసారె బల్ల ఖాళీ అయింది. ఆమె చెంగుగుడ్డతో బల్ల మీది తెల్లటి దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే కూర్చుంది. ఇంటికి వెళ్లినా చేయాల్సిన పనేదీ ఆమెకు తోచలేదు. ఆమెకి నలభై మూడేళ్లు. ఇరవై ఏళ్లుగా నీళ్లలో రాయి నానబెట్టి ఉప్పు కాగితంతో రుద్దీ రుద్దీ వేలిముద్రలు అరిగిపోయాయి. ఫోన్ సిమ్ము కొన్నప్పుడు దుకాణంలోని యంత్రం ఆమె వేలిని గుర్తు పట్టలేదు.

*

ఆ కోళ్ల వరస పుట్టింది నాలుగేళ్ల కిందట.

ఆ ఏడు వానలకి రాతి గని గోడ జారింది. కింద రాయి తవ్వుతున్న ముగ్గురిలో ఇద్దర్ని ప్రాణాలతో లాగారు. మూడోవాడు గెసారె మొగుడు ఒసోరో. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు వంటి నిండా తెల్లటి బలపపు పొడి. కడిగేసరికి రెండు బిందెల నీళ్లు పట్టాయి. బంధువులంతా ఏడ్చారు. గెసారె ఏడవలేదు. ఏడుపు రాలేదు. పెళ్లాం ఏడవని చావేమిటని అత్తవైపు ముసలమ్మలు ఆమె ఎదుటే అనుకున్నారు. ఆమె విన్నది, వాళ్లకి టీ కూడా పోసింది.

మైలలో ఉన్న రోజుల్లో పనికి పోకూడదు. ఒసోరో చివరిసారి తెచ్చిన రాయి ఒకటి పెరట్లో పడి ఉంది. గెసారె అరగదీసిన సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని దాని మీద గీస్తూ కూర్చుంది. ఏం గీస్తోందో ఆమెకే తెలియదు. మూడోనాటికి గినీకోళ్లు కనిపించాయి. ఒకదాని తోక వెనక ఒకటి, గుండ్రంగా. అందులో ఒకదాని మెడ వెనక్కి తిరిగి ఉంది. ఆ రాతినే పలకలా కోయించి, మీద పేరూ తేదీ చెక్కించి, పెరట్లోనే ఉన్న ఒసోరో సమాధి తలవైపు సిమెంటులో పాతించింది.

తర్వాత పనికి వెళ్లినప్పుడు చేతులు అదే బొమ్మ గీశాయి. బోసిబోరి గిన్నెని తిప్పి తిప్పి చూసి, "ఇదేంటక్కా, వెనక్కి చూస్తోంది? గుడ్డు మర్చిపోయొచ్చిందా?" అంది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వినవాళ్లే వారం తిరక్కుండా, మాకూ నేర్పవూ అంటూ వచ్చి కూర్చున్నారు. ఏడాదిలో టబాకాలో పన్నెండు మంది ఆడవాళ్లు గినీకోళ్ల గిన్నెలు చెక్కుతున్నారు. పర్యాటకులు అవే అడిగేవాళ్లు. ఒంబతి ఒక్కో గిన్నె అరవై షిల్లింగులకి కొని, పెట్టెల్లో గడ్డి పేర్చి, రాజధానిలోని హోటళ్లకి పంపేవాడు. అక్కడ ఎంతకి అమ్మేవాడో వీళ్లెవరూ అడగలేదు.

ఇప్పుడు ఒంబతి షెడ్డులో అవే గిన్నెల్ని కూలికి చెక్కిస్తున్నాడు. గిన్నెకి పదిహేను షిల్లింగులు.

*

సాయంత్రం మరిది మొసోటి వచ్చాడు. వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, గెసారె ఇచ్చిన పాలటీ ఊదుకుంటూ తాగాడు. ఒసోరో పోయాక, ఆచారం ప్రకారం ఆమె మొసోటి ఇంటికి పోవాలని పెద్దలన్నారు. ఆమె సరేననలేదు, కాదనీ అనలేదు. తన గుడిసెలో తానుంది. గుడిసె ఉన్న నేల మాత్రం మొసోటి తండ్రి పేరిటే ఉంది.

"నా మాటిను వదినా," అన్నాడు మొసోటి. "సోమవారం పొద్దున్నే షెడ్డుకి రా. మేస్త్రీకి చెప్పుంచాను. నీ చేతి పని ఒంబతికి తెలుసు, మిగతావాళ్ల కంటే ఓ రెండు షిల్లింగులు ఎక్కువే ఇస్తాడు."

"నా బొమ్మ చెక్కడానికా?"

"బొమ్మ నీదెలా అయింది? కాగితం మీద ఎవడి పేరుంటే వాడిది. ఈ నేల చూడు, ఎవరు దున్నుతున్నారు, ఎవరి పేరుంది? ఏనాడన్నా పేచీ పెట్టుకున్నామా?"

ఆ మాట నేల గురించి మామూలుగా అన్నాడో, బెదిరించడానికే అన్నాడో గెసారెకి అర్థం కాలేదు. ఖాళీ కప్పు అందుకుంది.

"సోమవారం వస్తావా మరి?"

"చూస్తాను."

సోమవారం ఆమె షెడ్డుకి పోలేదు. బోసిబోరి పన్నెండు ఇళ్లూ తిరిగి బస్సు ఛార్జీలు పోగేసి ఆమె చేతిలో పెట్టింది. "ఆ కాగితం ఇచ్చిన ఆఫీసుకే పో అక్కా. కోళ్లు ఎవరివో అక్కడే అడుగు. నేనే పోదును కానీ, నేనెళ్తే కొట్టుకొస్తాను. నువ్వైతే నిదానంగా అడుగుతావు."

*

మేధో హక్కుల కార్యాలయం గచ్చు తళతళలాడుతోంది. గెసారె చెప్పులు బయట విప్పబోతే కాపలావాడు అక్కర్లేదన్నాడు. చీటీ తీసుకుని, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. సంచిలో ఒక గిన్నె, రెండు ఉడికిన చిలగడదుంపలు ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు పంపుసెట్టు లాంటిదేదో ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. ఒకావిడ సబ్బుల అట్టపెట్టెలు తెచ్చుకుంది. అందరూ తమ వస్తువుని పక్కవాడికి కనపడకుండా పట్టుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నానికి ఆమె వంతు వచ్చింది. బల్ల వెనక ముటిండి అనే అధికారి, యాభైకి దగ్గరపడిన మనిషి, జోళ్లు విప్పేసి కాళ్లు ఒకదానిమీదొకటి వేసుకుని కూర్చుంది. గిన్నె తీసుకుని కోళ్ల మీద వేలు పెట్టి నడిపించింది. వెనక్కి చూసే కోడి దగ్గర వేలు ఆగింది.

"ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా ఇది?"

"నాలుగేళ్లు."

"ఆయన దరఖాస్తు పెట్టింది నిరుడు. ఈ నాలుగేళ్లూ అమ్మావా?"

"అమ్మాను. అందరం అమ్మాం. ఆయనకే అమ్మాం."

ముటిండి నిట్టూర్చింది. "ఎవరికీ చూపించకముందే ఇక్కడికొచ్చి ఉంటే నీ పేరిట రాసేవాళ్లం కదమ్మా."

"మీరు ఉన్నారనే నాకు తెలీదు కదమ్మా."

"పత్రికలో వేశాం. ఇదిగో ఇలాంటి బొమ్మకి హక్కు అడుగుతున్నారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండీ అని." ఆమె వెనక అరలోంచి ఒక సంచిక తీసి, పేజీ వెతికి చూపించింది. అందులో అగ్గిపెట్టె అంత చోటులో గెసారె గిన్నె ఉంది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి.

"ఈ పత్రిక మా ఊరికి రాదు."

"ఏ ఊరికీ రాదమ్మా," అంది ముటిండి.

తర్వాత ఆమె నెమ్మదిగా, ఈ మాటలు అంతకుముందు చాలామందికి చెప్పి చెప్పి అలసిపోయిన గొంతుతో, విషయం చెప్పింది. హక్కనేది కొత్తదానికే. ఒంబతి దరఖాస్తు పెట్టడానికి ఏడాదికి పైగా ముందే ఆ బొమ్మ నలుగురి కంటా పడిందని రుజువు చేస్తే, ఆయన హక్కు కొట్టేస్తారు.

"అప్పుడు నాదవుతుందా?"

"అవదు."

గెసారె ఆమె ముఖంలోకి చూసింది.

"సంతలో అందరూ చూసేశారు కాబట్టి ఆయనకి కొత్త కాదు. అదే లెక్కన నీకూ కొత్త కాదు. ఇంక ఎవరిదీ కాదమ్మా. ఎవరైనా చెక్కుకోవచ్చు."

"ఒంబతి కూడానా?"

"ఒంబతి కూడా."

గెసారె తనకి కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. మొగుడి శవాన్ని కడిగినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. చేతులు పని చేస్తున్నాయి, లోపలెక్కడా ఏమీ కదలడంలేదు.

"రుజువంటే ఏం కావాలి?"

"తేదీ ఉన్నది ఏదైనా. రసీదు, ఫొటో, ఉత్తరం. గిన్నె మీద తేదీ వేస్తారా మీరు?"

"గిన్నె మీద వెయ్యం. మా ఆయన సమాధి మీద ఉంది."

ముటిండి రాస్తున్న కలం పక్కన పెట్టింది. బల్ల కింద కాళ్లతో వెతుక్కుని జోళ్లు తొడుక్కుంది.

"టీ తాగుతావా అమ్మా?" అంది.

*

అర్జీ పడింది. ప్రభుత్వం నియమించిన ఊరి పెద్ద వచ్చి సమాధి చూసి, తేదీ నిజమేనని రాసి ముద్ర వేసి ఇచ్చాడు. బోసిబోరి తన ఫోనుతో ఫొటోలు తీసింది. ఆ మర్నాడే మొసోటి గడ్డపలుగు పట్టుకుని వచ్చాడు.

గెసారె మొక్కజొన్న వలుస్తోంది. పలుగు సిమెంటుకి తగిలిన చప్పుడు విని పెరట్లోకి వెళ్లేసరికి, పలక ఒక మూల లేచి ఉంది.

"చచ్చినవాణ్ని కోర్టుకీడుస్తావా?" మొసోటి రొప్పుతున్నాడు. "మా అన్న సమాధి రాజధానిలో కాగితాల మధ్య తిరగాలా? మా వంశంలో ఇలాంటిది ఎవరైనా విన్నారా? ఇది పీకి నదిలో పారేస్తాను."

గెసారె నిలబడి చూస్తోంది. అడ్డుపడలేదు.

"ఏమన్నా అను!" మొసోటి అరిచాడు. "ఆ రోజూ ఇలాగే నిలబడ్డావు. నేనే తవ్వాను వాణ్ని, తెలుసా? ఈ చేతుల్తో తవ్వి లాగాను. ఊరంతా ఏడ్చింది, నువ్వు నిలబడి చూశావు. ఇప్పుడైనా ఏడు. ఒక్కసారి ఏడు వదినా, ఇది ఇక్కడే వదిలేసి పోతాను."

ఏడ్చి ఉంటే బాగుండేదని ఆమెకీ అనిపించింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నాకు రాదు మొసోటీ," అంది. "ఏడుపు బదులు అదే వచ్చింది." పలక మీది కోళ్ల వంక చేయి చూపించింది.

మొసోటి చాలాసేపు ఆ పలక వైపే చూశాడు. తర్వాత పలుగు అక్కడే పారేసి, గేటు వెయ్యకుండా వెళ్లిపోయాడు. గెసారె లేచిన మూలని కాలితో తొక్కి అదిమి, మళ్లీ మొక్కజొన్న దగ్గరికి వెళ్లింది. వారం తర్వాత తెలిసింది, మొసోటి ఒంబతి తరఫున సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడని. ఆ గిన్నెలు మొదటినుంచీ ఒంబతి చెప్పి చేయించుకున్నవేననీ, గెసారె కూలికి చెక్కిందనీ చెప్తాడట.

విచారణకి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ గెసారె గినీకోళ్లు చెక్కలేదు. ఒంబతి షెడ్డు బయట ఎవరూ చెక్కలేదు. నీటిగుర్రాలు చెక్కారు, అవి అమ్ముడుపోలేదు. పన్నెండు మందిలో నలుగురు ఒంబతి షెడ్డుకి పోయారు. గెసారె వాళ్లని సంతలో చూసి పలకరించింది, వాళ్లే తల దించుకున్నారు.

*

కార్యాలయం పై అంతస్తులో, పొడుగాటి బల్లకి ఒక వైపు ఒంబతి, అతని వకీలు, చివర మొసోటి. రెండోవైపు గెసారె ఒక్కతే. బల్ల తలవైపున విచారణ అధికారి, ఆయన పక్కన రాయడానికి ముటిండి. కిటికీ అవతల రోడ్డు పని జరుగుతోంది. యంత్రం మోతకి మధ్యమధ్య మాటలు ఆపాల్సొస్తోంది.

సమాధి ఫొటో బల్ల మీద పెట్టారు. ఒంబతి వకీలు దాన్ని చూశాడు, తేదీ చూశాడు, ఊరి పెద్ద ముద్ర చూశాడు. ఒంబతి చెవిలో ఏదో చెప్పాడు. మొసోటిని సాక్ష్యానికి పిలవకుండానే, పది నిమిషాలు బయటికి వెళ్లి మాట్లాడుకుంటామని అడిగాడు.

వరండాలో ఒంబతి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మంచి సూటు వేసుకున్నా, చేతి గోళ్ల చుట్టూ తెల్లటి బలపపు పొడి ఇంకా ఉంది. చిన్నతనంలో అతనూ చెక్కినవాడే.

"నన్ను దొంగననుకుంటున్నావు కదమ్మా. నేను రాయించుకోకపోతే ఏ విదేశంవాడో రాయించుకుని, మనూరు మొత్తానికి నోటీసులిచ్చేవాడు. నేను చేసిందల్లా ముందు రావడమే." వకీలు చేతిలోని కాగితం తీసుకుని ఆమెకిచ్చాడు. "గతం వదిలెయ్. నువ్వు అర్జీ వాపసు తీసుకో. హక్కు పత్రంలో నా పేరు పక్కన నీ పేరు కూడా ఎక్కిస్తాను. ఇద్దరం సమానం. లాభంలో సగం."

గెసారె కాగితం చదివింది. ఆమె పూర్తి పేరు అచ్చులో ఉంది, దాని పక్కన 'ఆకృతి రూపకర్త' అని. తన పేరు అచ్చులో చూడటం ఆమెకది రెండోసారి. మొదటిసారి ఒసోరో మరణపత్రం మీద, భార్య అని ఉన్నచోట.

ఈ కాగితం కోసమే కదా బస్సెక్కింది. ఇప్పుడిది చేతిలో ఉంది. పట్టుకుంటే బరువే లేదు.

"బోసిబోరి చెక్కుకోవచ్చా?" అని అడిగింది.

"ఎందుకు చెక్కుకోకూడదూ! అనుమతిస్తాం. గిన్నెకి ఇంతని కడుతుంది."

"ఎవరికి?"

"మనకి," అన్నాడు ఒంబతి.

ఆ మాట విని గెసారె అతని ముఖం చూసింది, పక్కన గోడకానుకుని నిలబడ్డ మొసోటి ముఖం చూసింది. మొసోటి కళ్లలో ఆశ ఉంది. ఒప్పుకో, ఇంటికి పోదాం, అన్నట్టు చిన్నగా తలూపాడు. నాలుగేళ్లలో అతను ఆమె వైపు అంత ఆత్మీయంగా చూసింది అప్పుడే.

లోపలికి వెళ్లారు. వకీలు లేచి, ఇరుపక్షాలూ రాజీకి వచ్చినట్టేనని చెప్పి, కలం మూత తీసి గెసారె ముందు పెట్టాడు.

"వద్దు," అంది గెసారె.

బయట యంత్రం మోగుతోంది. విచారణ అధికారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నారు?"

"నాకు వద్దన్నాను."

"అమ్మా," ముటిండి రాయడం ఆపి తలెత్తింది. రాసేవాళ్లు మాట్లాడకూడదు, అయినా మాట్లాడింది. "ఇది వద్దనుకుంటే, నువ్వు గెలిచినా నీకేమీ రాదు. ఆ సంగతి ఆ రోజే చెప్పాను. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించలేదమ్మా."

"మరి కారణం ఏమని రాయమంటావు?"

గెసారె వెతుక్కుంది. బోసిబోరి తన దగ్గరికొచ్చి గిన్నెకింతని లెక్కపెట్టి ఇవ్వడం కళ్లకి కట్టింది. దానికి కారణమని పేరు పెట్టొచ్చో లేదో ఆమెకి తెలియలేదు.

"నేను వాళ్లకి నేర్పాను," అంది చివరికి. "నేర్పేటప్పుడు ఏమీ అడగలేదు. ఇప్పుడడిగితే సిగ్గు."

ముటిండి ఆ మాటలు అలాగే రాసింది. విచారణ అధికారి తీర్పు పోస్టులో పంపుతామన్నాడు. రెండు నెలలు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. అందాకా హక్కు ఒంబతి పేరిటే ఉంటుంది, ఆయన అనుమతి లేకుండా చెక్కకూడదన్న పాత ఉత్తర్వు అలాగే నడుస్తుంది. ఒంబతి టోపీ పెట్టుకున్నాడు. మొసోటి ఆమెని దాటుకుని, ఒక్క మాటా లేకుండా మెట్లు దిగిపోయాడు. ఇక తన గుడిసె ఉన్న ఆ నేల మీద ఎన్నాళ్లుంటుందో గెసారెకి తెలియదు.

బస్సుస్టాండులో ఫోను మోగింది.

"ఏమైందక్కా? గెలిచామా?" బోసిబోరి వెనకాల సంత రొద.

"ఏమో."

"ఏమో ఏంటి! ఓడిపోయామా?"

"కాగితం పంపుతారంట. రెండు మూడు నెలలు."

"అందాకా ఏం తినమంటారంట, ఆ నీటిగుర్రాల్నా?"

బస్సు కండక్టరు కిసీ, కిసీ అని అరుస్తున్నాడు. గెసారె టిక్కెట్టు డబ్బు పిడికిట్లో పట్టుకుని, ఎక్కేవాళ్లకి దారిచ్చి పక్కకి జరిగింది.

"బోసిబోరీ, రాళ్లు ఉన్నాయా మనదగ్గర?"

"ఎందుకు లేవు, పెరడంతా రాళ్లే."

"గిన్నెలకి పనికొచ్చేవి ఏరి, ఈ సాయంత్రం నీళ్లలో వెయ్యి. రేపు పొద్దున్నే గినీకోళ్లు మొదలెడదాం."



"పోలీసులు మళ్లీ వస్తారక్కా," అంది బోసిబోరి. గొంతులో ఈసారి హాస్యం లేదు.

"వస్తారు."

"అప్పుడేం చేద్దాం?"

గెసారె మెట్టు మీద కాలు పెట్టింది. వెనకనుంచి ఎవరో తొందరపెడుతున్నారు.

"ఈసారి తాడివ్వను," అని, బస్సెక్కింది.